పాత బుల్లెట్‌కి ముందర ఎన్ని పళ్ళు? చెయిన్, స్ప్రాకెట్ మార్పులో నా అనుభవం

చెయిన్ సెట్టు, అంటే చెయినూ దాన్ని తిప్పే ముందర, వెనక పళ్ళ చక్రాలూ (స్ప్రాకెట్లు), మార్చాలని పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ని నెల్లూరులో ఏ షెడ్డుకి తోలుకెళ్ళినా ఒకటే మాట వినపడుతుంది: "ముందర 18 పళ్ళది ఏసెయ్ అన్నా, హైవే మీద బండి ఎగిరిపోతాది." నేనూ 18 వేశాను. సుమారు వెయ్యి కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ మొత్తం విప్పి 17 వేశాను. బుల్లెట్‌లో ఈ పని రెండుసార్లు చేయడం ఎంత విసుగో కింద చదివితే తెలుస్తుంది. ముందే కాగితం మీద పది నిమిషాలు లెక్క వేసుకుని ఉంటే ఒక్కసారితో పోయేది. ఆ లెక్క, కొలతలు, విప్పే వరస, ఎక్కడ పొరపాటు జరుగుతుందో రాస్తున్నాను. బండి 350, కుడికాలి గేరు, నాలుగు గేర్ల మోడలు.

మొదట చెయిన్ నిజంగా పోయిందా లేదా చూడాలి. వదులైతే బిగించుకోవచ్చు, సాగితే మార్చాల్సిందే. ఈ రెండింటికీ తేడా టేపుతో తెలుస్తుంది. బుల్లెట్ చెయిన్ పిచ్, అంటే ఒక పిన్ను నడుమ నుంచి పక్క పిన్ను నడుమకి ఉండే దూరం, 5/8 అంగుళం. అంటే 15.875 మిల్లీమీటర్లు. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, గేరులో వేసి, వెనక చక్రాన్ని ముందుకి తిప్పి పట్టుకుంటే చెయిన్ కింది వరస బిగుస్తుంది. అక్కడ 20 లింకులు, అంటే 21 పిన్నులు లెక్కపెట్టి కొలవాలి. కొత్త చెయిన్‌కి 317.5 మి.మీ. రావాలి. 2 శాతం సాగితే 324కి చేరుతుంది, అక్కడితో దాని ఆయుష్షు అయిపోయినట్టే. నాది 326 చూపించింది. స్ప్లెండర్ లాంటి చిన్న బళ్ళలో పిచ్ అర అంగుళం కాబట్టి అదే 20 లింకులకి కొత్తది 254, మార్చాల్సింది 259.

చెయిన్‌ని ఒకచోట కాదు, చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల కొలవండి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు వస్తే చెయిన్ సమంగా అరగలేదని అర్థం. అలాంటిదాన్ని ఎంత సర్దినా ఒరిగేది లేదు. స్ప్రాకెట్ పన్ను సంగతి కంటికే తెలుస్తుంది: రెండు పక్కలా ఒకేలా ఉండాల్సిన పన్ను కొడవలి మొనలాగా ఒకవైపుకి వంగి ఉంటే దాని పని అయిపోయింది. సాగిన చెయిన్‌ని కొత్త పళ్ళ మీద గానీ, కొత్త చెయిన్‌ని వంగిన పళ్ళ మీద గానీ వేస్తే కొత్తది కూడా పాతదాని వేగంతోనే అరుగుతుంది. డబ్బు మిగిల్చుకోవాలంటే ఇక్కడ కాదు.

ఇప్పుడు వెనక సంగతి. పాత బుల్లెట్‌లో వెనక పళ్ళ చక్రం విడిగా ఊడిరాదు. బ్రేకు డ్రమ్ము, 38 పళ్ళు కలిపి ఒకే పోత. పళ్ళు పోతే డ్రమ్ము మొత్తం మార్చాలి. డ్రమ్ము మారిస్తే బ్రేకు షూలు కొత్త గుండ్రానికి సరిగా ఆనవు, మొదటి కొన్ని రోజులు వెనక బ్రేకు మెత్తగా పడుతుంది. అది మనసులో పెట్టుకుని తోలాలి. లేతు షాపులో పాత పళ్ళు కోసేసి కొత్త రింగు బిగించి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. చేయించుకుంటే చక్రానికి ఎక్కించక ముందే డ్రమ్ముని లేతులో తిప్పి చూపించమనండి, రింగు ఒక పక్కకి ఊగకూడదు, ఎగుడుదిగుడుగా తిరగకూడదు. రింగు నడుమ తప్పితే చెయిన్ చక్రం తిరిగిన ప్రతిసారీ బిగిసి వదులవుతుంది. వెనకది ఇట్టా 38 దగ్గర కదలకుండా కూర్చుంది కాబట్టే బుల్లెట్ వాళ్ళందరూ గేరింగు మార్చాలంటే ముందరి చిన్నదాని మీదే పడతారు.

లెక్కకి రావాల్సింది ఇక్కడ. ఇంజను నుంచి క్లచ్చుకి ఎడమవైపు కవరు లోపల ఇంకో చెయిన్ ఉంటుంది, దాన్నే ప్రైమరీ అంటారు. అందులో ఇంజను స్ప్రాకెట్ 25 పళ్ళు, క్లచ్చుది 56. 56ని 25తో భాగిస్తే 2.24. గేర్‌బాక్సులో టాప్ గేరు నేరు, అంటే 1కి 1. చివరగా వెనక 38, ముందర కంపెనీ వేసిన 16: భాగిస్తే 2.375. రెండూ గుణిస్తే 5.32. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను 5.32 సార్లు తిరగాలని దాని అర్థం. చేతులు మారిన బళ్ళలో ఎవరు ఏం వేశారో తెలియదు కాబట్టి ఈ సంఖ్య నమ్మే ముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. స్పార్క్ ప్లగ్గు ఊడదీసి, ఎడమవైపు ప్రైమరీ కవరు తీసి, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజను ఇరుసు కొసన ఉండే రోటర్ (ఆల్టర్నేటర్ అయస్కాంతం) నట్టు మీద సుద్దతో గీత పెట్టి లెక్కపెడితే, చక్రం 3 చుట్లు తిరిగేసరికి ఆ గీత 16 చుట్లకి ఒక వెంట్రుకవాసి తక్కువలో ఆగుతుంది. అట్టా ఆగితే ముందర 16 పళ్ళే ఉన్నాయి. 15 చుట్లకి వచ్చి ఆగితే ఎవరో ఈపాటికే 17 వేశారు.

తర్వాత చక్రం చుట్టుకొలత. టైరు మీద రాసిన 3.25-19 నుంచి లెక్కకట్టొచ్చు గానీ, మనిషి కూర్చుంటే టైరు నొక్కుకుంటుంది. టైరుకీ నేలకీ కలిపి సుద్ద గీత పెట్టి, ఒకరు బండి మీద కూర్చుని, ఇంకొకరు తోస్తూ, మూడు చుట్లు తిప్పి నేల మీద కొలిచి మూడుతో భాగించాలి. నాకు 2 మీటర్లకి రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో వచ్చింది. 2 అనే అనుకుంటే లెక్క నోటితోనే అయిపోతుంది: గంటకి 60 కిలోమీటర్లంటే నిమిషానికి వెయ్యి మీటర్లు, అంటే చక్రం 500 చుట్లు.

60 దగ్గర 16 పళ్ళతో ఇంజను నిమిషానికి 2,660 చుట్లు తిరుగుతుంది. 17తో 2,503. 18తో 2,364. 80 దగ్గర ఇవే వరసగా 3,547, 3,338, 3,153. ఇంతవరకు చూసి 18 బాగుందే అనిపిస్తుంది, నాకూ అట్టాగే అనిపించింది. నేను చూడకుండా వదిలేసింది రెండో సగం. 40 దగ్గర 16తో 1,773 ఉండేది 18తో 1,576కి దిగుతుంది. వెనక చక్రం దగ్గర లాగే బలం 17తో సుమారు 6 శాతం, 18తో 11 శాతం తగ్గుతుంది. ఏ గేరులోనైనా అంతే, ఫస్టు గేరుతో సహా.

ఇంకొకటి, "ఎగిరిపోతాది" అన్న మాటకి జవాబు. ఈ ఇంజను 18 హార్స్‌పవర్ ఇచ్చేది 5,625 చుట్ల దగ్గర. 16 పళ్ళతోనే ఆ చుట్లకి బండి గంటకి 127 కిలోమీటర్ల దగ్గర ఉండాలి. పాత 350 ఆ వేగం ఎక్కడ చూసింది? కంపెనీ ఇచ్చిన గేరింగులోనే ఇంజను తన పూర్తి బలం దాకా వెళ్ళలేకపోతుంటే, ఇంకా పెద్దది వేస్తే టాప్ స్పీడు ఎక్కడి నుంచి పెరుగుతుంది? ముందర పన్ను పెంచితే వచ్చేది వేగం కాదు, అదే వేగంలో ఇంజనుకి కొంత తెరిపి. కాళ్ళకి, చేతులకి వైబ్రేషను తగ్గుతుంది, అది మాత్రం నిజం.

సామాను కొనేటప్పుడు చూడాల్సినవి. చెయిన్ సైజు పాత చెయిన్ పక్క పలక మీదే అచ్చు వేసి ఉంటుంది, ఆ సంఖ్య రాసుకుని వెళ్ళండి. మూడంకెల్లో మొదటిది పిచ్ ఎన్ని ఎనిమిదో వంతుల అంగుళమో చెబుతుంది, 4 అంటే అర అంగుళం, 5 అంటే 5/8. చివరి రెండూ లోపలి వెడల్పు: 20 అంటే పావు అంగుళం, 30 అంటే 3/8. 520కీ 530కీ పిచ్ ఒకటే కాబట్టి వెడల్పు చెయిన్ సన్న పన్ను మీద కూడా ఎక్కి కూర్చుంటుంది, తిరుగుతుంది, సరిపోయిందనే అనుకుంటాం. అది పక్కలకి కొట్టుకుని పన్ను అంచులు తినేస్తుంది. రోలాన్, డైమండ్ కంపెనీల చెయిన్లు రెండూ వాడాను, సరైన సైజుది దొరికితే రెంటితోనూ ఇబ్బంది లేదు.

ముందరి స్ప్రాకెట్ దగ్గర మోసపోవడం తేలిక. ట్రంకు రోడ్డులో దొరక్కపోతే మద్రాసులో జీపీ రోడ్డో, పాత సామానుకి పుదుపేటో తిరిగి తెచ్చుకోవడం నెల్లూరు వాళ్ళకి అలవాటే. అంత దూరం పోయి తెచ్చాక కుదరలేదంటే కడుపు మండుతుంది. అందుకే పాతదాన్ని వేస్టు గుడ్డలో చుట్టి వెంట తీసుకుపోవాలి. పళ్ళు లెక్కపెట్టండి, అచ్చు మీద సంఖ్యని నమ్మొద్దు. రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, నడిమి బొడ్డు మందం, బొడ్డు నుంచి పన్ను ఎంత లోపలికి ఉందో వెర్నియర్‌తో చూడండి. నేను చూసిన ఒకదానికి లోపలి గాడులు చక్కగా కుదిరాయి గానీ పన్ను వరస 2 మి.మీ. బయటికి ఉంది. అది వేస్తే చెయిన్ జీవితాంతం వంకరగానే పరుగెత్తుతుంది. చివరగా, పన్ను పక్క అంచున, చెయిన్ ఆనని చోట, చిన్న ఆకురాయితో ఒక్క గీత గీయండి. ఆకురాయి జారిపోతే పన్నుని గట్టిపరిచారని అర్థం. వెన్నలో కత్తిలా దిగితే దాన్ని కొట్టు బల్ల మీదే వదిలేసి రండి.

హోండా తరహా చిన్న బళ్ళలో ముందరి స్ప్రాకెట్ మార్చడం పావుగంట పని: కవరు తీసి, రెండు చిన్న బోల్టులు విప్పి, పట్టీ తిప్పితే చేతిలోకి వస్తుంది. బుల్లెట్‌లో అట్టా కుదరదు. క్లచ్చు, ముందరి స్ప్రాకెట్ రెండూ ఎడమవైపే, ఒకే ఇరుసు వరసలో ఉంటాయి, స్ప్రాకెట్ క్లచ్చు వెనకాల దాక్కుని ఉంటుంది. దాని దగ్గరికి చేరాలంటే ప్రైమరీ మొత్తం విప్పాలి.

వరస ఇది. ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు తీయాలి. కింద రేకు పెట్టి, ప్రైమరీ కవరు నడిమి ఒక్క నట్టు విప్పితే కవరు, దాంతో ఆయిలు వచ్చేస్తాయి. చుట్టూ ఉన్న రబ్బరు రింగు సాగి ఉంటే కొత్తది తెచ్చుకోండి, పాతది మళ్ళీ వేస్తే ఆయిలు కారుతుంది, బుల్లెట్ కారడం మామూలేలే అని సరిపెట్టుకోవాల్సి వస్తుంది. తర్వాత ఆల్టర్నేటర్ కాయిలు, దాని స్పేసర్లు, వాషర్లు ఏ స్టడ్డువి ఆ స్టడ్డుకి కాగితం చుట్టి పెట్టాలి. రోటరు. రోటరు అయస్కాంతం, నేల మీద పెడితే ఇనుప రజనంతా పట్టుకుంటుంది, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో వేయండి. క్లచ్చు స్ప్రింగులు, ప్లేట్లు వచ్చిన వరసలోనే తీగకి గుచ్చుకోవాలి. క్లచ్చు సెంటరుకి పుల్లర్ (ఊడలాగే పరికరం) కావాలి, సుత్తి, ఉలి తగిలిస్తే గేర్‌బాక్స్ షాఫ్టుకి దెబ్బ. ఇంజను స్ప్రాకెట్, ప్రైమరీ చెయిన్, క్లచ్చు డ్రమ్ము మూడూ కలిపే బయటికి లాగాలి, విడివిడిగా రావు. ఆ తర్వాత లోపలి కేసు.

అప్పుడు కనపడుతుంది స్ప్రాకెట్. ఇన్నేళ్ళ గ్రీజు, ఇసుక కలిసి నల్లటి మైనంలా పేరుకుని పళ్ళ సందులు కూడా కనపడవు. కిరసనాయిలు, బ్రష్షుతో కడిగాకే నట్టు, దాని లాకు తెలుస్తాయి. లాకు తీయకుండా, మర ఏ వైపు తిరుగుతుందో చూడకుండా స్పానరుకి గొట్టం తగిలించి లాగితే మర తెగుతుంది, షాఫ్టు పోతుంది. స్ప్రాకెట్ తిరగకుండా పట్టడానికి పాత చెయిన్‌నే వాడాలి: చెయిన్ తగిలించి, వెనక బ్రేకుని ఇంకొకరు చేత్తో లాగి పడితే చాలు. అందుకే పాత చెయిన్‌ని మొదటే విప్పి పడేయకూడదు. స్ప్రాకెట్ వెనక ఉన్న ఆయిలు సీలు చవకది, ఇంత దూరం వచ్చాక మార్చకుండా మూస్తే నెల తిరక్కుండా మళ్ళీ ఇదంతా విప్పాలి.

కొత్తది వేశాక, లోపలి కేసు బిగించి, చెయిన్ ఎక్కించి చేత్తో తిప్పి చూడాలి. 18 పళ్ళదాని మీద చెయిన్ పెద్ద వలయంలో తిరుగుతుంది, కేసు వెనక భాగానికి ఎక్కడా రాయకూడదు. తిరిగి మూసేటప్పుడు ప్రైమరీ చెయిన్ ఆట (పైకీ కిందికీ ఊగే వదులు) పావు అంగుళం, సుమారు 6 మి.మీ. ఉండాలి, అది కూడా బాగా బిగుతుగా ఉన్న చోట. రోటరుకి, కాయిలుకి మధ్య చుట్టూ 0.2 మి.మీ. ఫీలరు (సందు కొలిచే సన్న రేకు) దూరాలి. ఒకచోట దూరకపోతే స్పేసర్లు అటూఇటూ అయ్యాయని అర్థం.

వెనక చెయిన్ పొడుగు దగ్గర 18 నన్ను ఇంకో చిక్కులో పెట్టింది. ముందర ఒక్క పన్ను పెరిగితే వెనక ఇరుసు పావు పిచ్, అంటే 4 మి.మీ. ముందుకి జరగాలి. రెండు పళ్ళకి 8 మి.మీ. పాత లింకుల లెక్కతోనే కొత్త చెయిన్ తెస్తే నత్త క్యాములు (వెనక ఇరుసుని ముందుకీ వెనక్కీ జరిపే గాడుల బిళ్ళలు) మొదటి గాడిలో పెట్టినా చెయిన్ కలవలేదు. రెండు లింకులు పెంచితే ఇరుసు ఒక పూర్తి పిచ్, దాదాపు 16 మి.మీ. వెనక్కి పోయింది, కొత్త చెయినే సగం గాడులు తినేసి కూర్చుంది. 17తో ఈ తంటా లేదు: పాత లెక్కే, మొదటి గాడులు, చెయిన్ కలుస్తుంది.

తోలి చూసిన ఫలితం. నెల్లూరు నుంచి కావలి దాకా, గాలి లేని తెల్లవారుజామున, ఒక్కడినే, 75 దగ్గర: 18 హాయిగా ఉంది, చెప్పుకోదగ్గ హాయి. అదే రోడ్డున మధ్యాహ్నం దక్షిణపు ఎదురుగాలిలో తిరిగొస్తుంటే టాప్‌లో 70 నిలబడలేదు, థర్డుకి దిగాల్సి వచ్చింది. థర్డులో ఇంజను 16 పళ్ళ టాప్ కంటే గట్టిగా తిరుగుతుంది. అంటే ఏ తెరిపి కోసం 18 వేశానో అదే పోయింది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీదికి 25 కిలోల మేత బస్తాలు రెండు వేసుకుని పోతే, గట్ల మీద ఫస్టులో సగం క్లచ్చు పట్టి లాగించాల్సిందే, దిగేసరికి క్లచ్చు వాసన. ఊళ్ళల్లో 40 దగ్గర టాప్‌లో యాక్సిలరేటరు తిప్పితే ఇంజను "టక్ టక్"మని కొట్టుకుంటుంది. ఈ పాత ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డు కింది కొసన ఉండేది తేలే బుష్షు, అంటే వదులుగా తిరిగే లోహపు వలయం. తక్కువ చుట్లలో బరువు మోయించడం దానికి ఎక్కువ చుట్లు తిరగడమంత చెరుపే. ఉదయగిరి, గిద్దలూరు వైపు ఘాట్లలో ఇద్దరు ఎక్కే బండైతే 16 కదపొద్దు. కనిగిరి, పొదిలి లాంటి ఎత్తుపల్లాల రోడ్డుకి కూడా నా ఓటు 16కే. హైవే, ఊరు రెండూ కలిసిన బండికి 17.

17తో 80 దగ్గర 16 కంటే 200 చుట్లు తక్కువ, ఎదురుగాలిలో టాప్ నిలబడుతుంది, బస్తాలతో గట్టు ఎక్కుతుంది. ఇంకో చిన్న లాభం: చెయిన్‌లో లోపలి లింకు, బయటి లింకు ఒకటి మార్చి ఒకటి వస్తాయి. ముందర సరిసంఖ్య పళ్ళుంటే ఒక్కో పన్నుకి ఎప్పుడూ ఒకే రకం లింకు తగులుతుంది. 17 బేసి కాబట్టి రెండు రకాలూ మారి మారి తగిలి అరుగుదల సర్దుకుంటుంది. స్పీడోమీటరు కేబులు ముందు చక్రానికి వెళ్ళిన బళ్ళలో ఈ మార్పుతో రీడింగు మారదు. కిక్కు బరువు కూడా మారదు, అది ప్రైమరీ మీదుగా పనిచేసేది.

చెయిన్ లాకు క్లిప్పు మూసిన కొస చెయిన్ పరిగెత్తే వైపుకి ఉండాలి, పై వరసలో చూస్తే ముందు చక్రం వైపు. ఆట ఒక అంగుళం, అది మనిషి కూర్చుని ఉండగా చూడాలి. గేర్‌బాక్స్ షాఫ్టు, స్వింగ్ ఆర్మ్ పిన్ను, వెనక ఇరుసు ఒక గీతలోకి వచ్చినప్పుడే చెయిన్ బాగా బిగుస్తుంది. రెండు వైపులా క్యాము ఒకే గాడిలో ఉంటే చక్రం సూటిగా ఉన్నట్టే అంటారు, అరిగిన క్యాములకి అది నిజం కాదు. వెనక టైరు నుంచి ముందు టైరుకి రెండు పక్కలా దారం లాగి చూడండి. మొదటి 300 కిలోమీటర్లకి ఒకసారి మళ్ళీ బిగించాలి, ఆ తర్వాత అంత తొందరగా సాగదు. మైపాడు వైపు తిరిగి వచ్చిన రోజు ఇసుక ఉన్న చెయిన్ మీద ఆయిలు పోస్తే అది ఉప్పుకాగితంతో సమానం. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తర్వాత 90 నంబరు గేరాయిలు బ్రష్షుతో కింది వరస లోపలి వైపు పూయాలి, పూసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పిన్నుల్లోకి దిగుతుంది.